చుక్కల పేర్లు

బేగంబజార్ల, మూల్‌చంద్ సేఠ్ స్టీలు దుకాణం మెట్ల మీద
నా మిషను, నా ముక్కాలిపీట.
అక్షరానికి రెండు రూపాయలు.
ఒత్తులకు పైసలడగ, గుణింతాలు ఉత్తగనే.
గీత గియ్య నేను, చుక్కలు కొడుత.
టిక్కు టిక్కు టిక్కున
గిన్నె నడుము చుట్టూ ఒక మనిషి లేస్తడు.

ముప్పై ఏండ్ల సంది ఇదే పని.
కొట్టుకుంటనే అడుగుడు అలవాటైంది:
ఏంది ఈ పేరు మతలబు?
చెప్పంగ చెప్పంగ వాళ్ల గొంతు మారుతది.
ఆ మార్పు కోసమే అడుగుత.

సేఠ్ వాళ్ల నాయనమ్మ ఢాపూబాయి.
పాత ఇత్తడి పరాత్‌కు కళాయి పెట్టించి
అరిగిపోయిన ఆ పేరే మళ్ల కొట్టుమన్నడు.
"ఢాపూ అంటే?"
గల్లాపెట్టె మూసిండు, తెరిసిండు.
"కడుపు నిండింది అని. అయిదో ఆడపిల్ల గద.
ఇగ చాలని దేవునికి చెప్పిండ్రు."
ఆ చాలనుకున్న పిల్లనే, మొగుడు పోయినంక
ఈ దుకాణం తెరిసిందట.

బార్కస్ నుంచి చావుష్ ఒకాయన,
లుంగీ మీద ఇంత వెడల్పు బెల్టు,
దేగ్ దొర్లించుకుంట వచ్చిండు. కొడుకు పేరు: యహ్యా.
"మతలబు?"
"బతుకుతడు," అన్నడు. అంతే.
జెరసేపాగి, "వీని ముందట..." అని
మూడు వేళ్లు సూపిచ్చి మడిచేసిండు.

లాలాగూడ రైల్వే క్వార్టర్ల యబ్బేజు
టిఫిన్ క్యారియరు గిన్నె గిన్నెకూ కొట్టిచ్చుకున్నడు.
"మా అమ్మ పడ్డ నొప్పి నా పేరు," అని నవ్విండు.
"పొద్దున లేస్తే అందరూ నొప్పీ, ఓ నొప్పీ అని పిలుస్తరు.
ఒక్కరికీ తెల్వది."

మొన్న ఆషాఢంల, సన్నటి వానల,
ధూల్‌పేట నుంచి ఒక ముసలామె
మనుమరాలికి బడి డబ్బా కొన్నది.
"కియారా అని కొట్టు బిడ్డా."
"మతలబు?"
"నాకేం ఎరుక! ఫోన్ల సూసి పెట్టిండ్రు.
ఒక దేశంల వెలుగట, ఇంకో దేశంల నలుపట."
కొంచెం ఆలోచన చేసింది.
"మంచిగనే ఉన్నది. మా పిల్ల చామనచాయ."

పైసలిచ్చి లేసింది, మళ్ల కూసున్నది.
కొంగు కిందికెళ్లి ఇత్తడి చెంబు తీసింది.
"దీని మీద నాది కొట్టు.
ఇంట్ల అన్నిటి మీద మామది, మొగనిది, కొడుకుది.
చెంచ మీద గూడ నేను లేను."
"పేరు?"
"పెంటమ్మ."
నా చెయ్యి ఆగింది.
"ఆధార్ కార్డుల ఏమున్నదవ్వా?"
"పద్మావతి. బడిల సారు రాసిండు.
అది కార్డుకు, ఇది చెంబుకు.
నా ముందట నలుగురు పురిట్లనే పోయిండ్రు.
నేను పుట్టంగనే మా అవ్వ చాటల పెట్టి
పెంటకుప్ప మీద పారేసింది.
మంత్రసాని ఎత్తుకుంటే, చారెడు తవుడిచ్చి
నన్ను మళ్ల కొనుక్కున్నది.
సావు వచ్చిందట, పేరడిగిందట,
ముక్కు మూసుకొని పోయిందట.
డెబ్బై మూడేండ్లు!
ఇప్పుడు పేరు మారిస్తే
అది గుర్తుపడుతది బిడ్డా."

బార్కస్ ఆయన మడిచిన వేళ్లు యాదికొచ్చినయి.
ఆయన సావు మొకం మీదనే చెప్పిండు.
ఈమె అవ్వ సావుకు అబద్ధం చెప్పింది.

మిషను ఆనిచ్చిన. పె. సున్న. ట.
టప్పున కరెంటు పోయింది.
గల్లీ అంత జనరేటర్ల లొల్లి, మాకు జనరేటరు లేదు.
"ఎప్పుడొస్తదో ఏమో, రేపు రా అవ్వా."
చెంబు మబ్బు వెలుగుకు పట్టి సూసింది.
"ఉత్త పెంటను ఇంటికెట్ల తీస్కపోత?
అమ్మ వచ్చేదాంక కూసుంట."

కూసున్నది. రెండు చాయలు చెప్పిన.
"నీ పేరేంది?"
"సైదులు."
"సాయిబులోడివా?"
"కాదవ్వా. మా అమ్మ దర్గకు మొక్కుకున్నది."
"ఎందుకు?"

ముప్పై ఏండ్లల ఈ మెట్ల మీద
నన్నెవరూ అడగలే.
చెంబు మీద వేలు పెట్టిన,
సగం పేరు గరుకుగ తగిలింది.
"నా ముందట..." అన్న.
నా గొంతు నాకే కొత్తగ వినవడ్డది.